కోవిడ్‌ను ఏ దేశం బాగా ఎదుర్కొంది? ర్యాంకులు ఎందుకు తలకిందులయ్యాయి.. లెక్క ఎక్కడ తప్పుతోంది?

2019 అక్టోబర్. కోవిడ్ అనే పేరు ఇంకా పుట్టని రోజులు. సరిగ్గా ఆ నెలలో గ్లోబల్ హెల్త్ సెక్యూరిటీ ఇండెక్స్ పేరుతో ఒక ర్యాంకుల లిస్టు విడుదలైంది. పెద్ద అంటువ్యాధి వస్తే ఏ దేశం ఎంత రెడీగా ఉందో చెప్పే లిస్టు అది. న్యూక్లియర్ థ్రెట్ ఇనిషియేటివ్, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ నిపుణులు కలిసి 195 దేశాలకు మార్కులు వేశారు. 100కు 83.5 మార్కులతో అమెరికా ఫస్ట్ వచ్చింది. 77.9తో బ్రిటన్ సెకండ్. న్యూజిలాండ్‌కు 35వ ర్యాంకు, వియత్నాంకు 50, భారత్‌కు 57 దక్కాయి.

ఆ తర్వాత కొన్ని నెలలకే అసలు పరీక్ష వచ్చిపడింది. ఫస్ట్ ర్యాంకు వచ్చిన అమెరికాలో 2022 మే నాటికి అధికారిక కోవిడ్ మరణాలే 10 లక్షలు దాటాయి. 35వ ర్యాంకు న్యూజిలాండ్‌లో మాత్రం తొలి రెండేళ్లలో మామూలు సంవత్సరాలకన్నా తక్కువ మంది చనిపోయారు. లిస్టు మొత్తం తలకిందులైంది.

మరి మహమ్మారిని ఏ దేశం సమర్థంగా ఎదుర్కొందో కొలవడం ఎలా? ఇది కేవలం క్విజ్ ప్రశ్న కాదు. తర్వాతి మహమ్మారికి ఏ దేశం పద్ధతిని ఫాలో అవ్వాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎవరి కుటుంబానికి పరిహారం అందాలి అన్నవన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ లెక్క ఎలా కడతారు, ఎక్కడ తప్పుతుంది అన్నది వివరంగా..

ఒక్కో లిస్టులో ఒక్కో విన్నర్

కోవిడ్ మొదలయ్యాక దేశాలకు ర్యాంకులిచ్చే లిస్టులు చాలానే వచ్చాయి. ఆస్ట్రేలియాకు చెందిన లోవీ ఇన్‌స్టిట్యూట్ 2021 జనవరిలో 98 దేశాలను పోల్చింది. కేసులు, మరణాలు, పది లక్షల జనాభాకు అవి ఎన్ని, ఎన్ని టెస్టులు చేశారు, టెస్టుల్లో ఎంతమందికి పాజిటివ్ వచ్చింది.. ఇలా ఆరు అంశాలు తీసుకుంది. అందులో న్యూజిలాండ్ ఫస్ట్, వియత్నాం సెకండ్, తైవాన్ థర్డ్. భారత్‌కు 86, అమెరికాకు 94. చివరి స్థానం బ్రెజిల్‌ది. టెస్టుల డేటా బయటికి ఇవ్వలేదని చైనాను అసలు లిస్టులోకే తీసుకోలేదు.

బ్లూమ్‌బర్గ్ సంస్థ 2020 నవంబర్ నుంచి 53 పెద్ద ఆర్థిక వ్యవస్థలకు ర్యాంకులు ఇస్తూ వచ్చింది. మొదట్లో అక్కడా న్యూజిలాండే టాప్. కానీ 2021 జూన్ వచ్చేసరికి అమెరికా మొదటి స్థానానికి ఎగబాకింది. అమెరికాలో పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు కదా, మరి ర్యాంకు ఎలా మారింది? కొలిచే అంశాలు మారాయి. వ్యాక్సిన్లు ఎంతమందికి వేశారు, మామూలు జీవితం ఎంతవరకు తిరిగి మొదలైంది అన్నవి లెక్కలోకి వచ్చాయి.

అంటే ఏది కొలిస్తే దానికి తగ్గ విన్నర్ వస్తారు. అందుకే ర్యాంకు చూసే ముందు అసలు ఏం కొలిచారో చూడాలి.

కేసుల లెక్క ఎందుకు పనికిరాదు?

2020, 2021ల్లో టీవీ స్క్రీన్ల మీద రోజూ తిరిగిన నంబర్ కేసుల సంఖ్య. దేశాలను పోల్చడానికి అన్నిటికన్నా బలహీనమైన నంబర్ కూడా అదే. కారణం సింపుల్. టెస్టు చేస్తేనే కేసు బయటపడుతుంది. టెస్టులు తక్కువ చేసిన దేశంలో కేసులూ తక్కువే కనిపిస్తాయి.

దీనికి భారత్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2021 జూన్, జులైల్లో ఐసీఎంఆర్ నాలుగో సీరో సర్వే చేసింది. రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా లేదా అని చూసే సర్వే ఇది. వ్యాక్సిన్ వేసుకోనివారిలోనూ దాదాపు 62 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అంటే వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకింది. అప్పటికి దేశంలో అధికారిక కేసులు 3 కోట్ల పైచిలుకు, అంటే జనాభాలో రెండు శాతానికి కాస్త ఎక్కువ. సోకినవాళ్లలో అత్యధికులు ఏ లిస్టులోనూ లేరన్నమాట.

అందుకే నిపుణులు కేసులకన్నా పాజిటివిటీ రేటును ఎక్కువగా చూశారు. వంద టెస్టులు చేస్తే ఎన్ని పాజిటివ్ వచ్చాయన్నదే ఈ రేటు. ఇది 5 శాతం కంటే తక్కువగా రెండు వారాలు ఉంటే పరిస్థితి అదుపులో ఉన్నట్టు భావించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. రేటు 20, 30 శాతానికి వెళ్లిందంటే టెస్టులు సరిపోవడం లేదని, బయట చాలా కేసులు లెక్కకు రాకుండా ఉన్నాయని అర్థం.

మరణాల లెక్కలోనూ తేడాలే

సరే, కేసులు వదిలేసి మరణాలు లెక్కిస్తే? మరణం దాచడం కష్టం కాబట్టి అది నమ్మకమైన లెక్క అనిపిస్తుంది. కానీ 'కోవిడ్ మరణం' అంటే ఏమిటో ఒక్కో దేశం ఒక్కోలా చెప్పుకుంది.

బెల్జియం మొదటి నుంచీ వృద్ధాశ్రమాల్లో టెస్టు చేయకపోయినా కోవిడ్ అని అనుమానం ఉన్న మరణాలను కలిపింది. దాంతో 2020లో జనాభా పోలికలో ప్రపంచంలోనే ఎక్కువ మరణాలున్న దేశాల్లో ఒకటిగా వార్తల్లోకెక్కింది. నిజాయితీగా లెక్కపెట్టినందుకు చెడ్డపేరు వచ్చిందన్నమాట.

బ్రిటన్ 2020 ఆగస్టులో నిర్వచనం మార్చింది. పాజిటివ్ వచ్చిన 28 రోజుల్లోపు చనిపోతేనే రోజువారీ లెక్కలో చేరుస్తామంది. ఈ ఒక్క మార్పుతో మొత్తం మరణాలు ఒక్కరోజులో 5 వేలకు పైగా తగ్గిపోయాయి.

పెరూలో అయితే దీనికి పూర్తిగా రివర్స్. నిపుణుల బృందం పాత రికార్డులన్నీ తిరగేశాక 2021 మే 31న ప్రభుత్వం మరణాల సంఖ్యను 69 వేల నుంచి ఏకంగా 1 లక్షా 80 వేలకు సవరించింది. రాత్రికి రాత్రి పెరూ జనాభా పోలికలో ప్రపంచంలోనే అత్యధిక మరణాలున్న దేశమైపోయింది. ఆ రోజు కొత్తగా జరిగిన ఘోరం ఏమీ లేదు. అప్పటికే జరిగిపోయింది కాగితం మీదికి వచ్చింది, అంతే.

'అదనపు మరణాలు' అంటే ఏంటి?

ఈ గొడవలన్నీ తప్పించుకోవడానికి నిపుణులు వాడే కొలత 'అదనపు మరణాలు'. కారణం ఏదైనా సరే, ఒక కాలంలో చనిపోయినవారందరినీ లెక్కిస్తారు. మామూలు సంవత్సరాల్లో అదే కాలంలో ఎంతమంది చనిపోయేవారో చూస్తారు. రెండింటి మధ్య తేడాయే అదనపు మరణాలు.

ఇందులో పెద్ద ప్లస్ పాయింట్ ఉంది. టెస్టు చేశారా లేదా, సర్టిఫికెట్ మీద డాక్టర్ ఏం రాశారు అన్నదానితో సంబంధం లేదు. కోవిడ్‌తో నేరుగా చనిపోయినవారే కాదు, ఆసుపత్రిలో బెడ్ దొరక్క గుండెపోటుతో చనిపోయినవారు, డయాలసిస్ ఆగిపోయి చనిపోయినవారు కూడా ఇందులోకి వస్తారు. అలాగే లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గితే ఆ మేరకు లెక్క తగ్గుతుంది. అంటే మహమ్మారితో పాటు దానికి దేశం స్పందించిన తీరు ఫలితం కూడా ఒకే నంబర్‌లో కనిపిస్తుంది.

2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్కలు విడుదల చేసింది. 2020, 2021 రెండేళ్లలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1 కోటి 49 లక్షల అదనపు మరణాలు జరిగాయని అంచనా వేసింది. అప్పటికి దేశాలు అధికారికంగా చెప్పినవి 54 లక్షలే. అంటే దాదాపు మూడింతల తేడా.

భారత్ విషయంలో పెద్ద వివాదం

ఆ నివేదికలో భారత్‌కు ఇచ్చిన అంచనా దాదాపు 47 లక్షలు. 2021 చివరికి అధికారిక కోవిడ్ మరణాలు 4.8 లక్షలు. అంటే దాదాపు పదింతలు. కేంద్ర ప్రభుత్వం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. ఇంత పెద్ద దేశానికి గణిత మోడల్‌తో అంచనా వేయడం సరికాదని, తమ దగ్గర జనన మరణ రిజిస్ట్రేషన్ల అసలు డేటా ఉందని వాదించింది. నివేదికకు రెండు రోజుల ముందే 2020 సంవత్సరం రిజిస్ట్రేషన్ లెక్కలు కూడా విడుదల చేసింది. వాటి ప్రకారం 2020లో నమోదైన మరణాలు 81.2 లక్షలు. 2019లో 76.4 లక్షలు.

అయితే సెకండ్ వేవ్ వచ్చింది 2021లో. ఆ ఏడాది లెక్కలు బయటికి రావడానికి 2025 మే దాకా ఆగాల్సి వచ్చింది. వాటి ప్రకారం 2021లో నమోదైన మరణాలు 1 కోటీ 2 లక్షలు. అంటే ఒక్క ఏడాదిలో దాదాపు 21 లక్షలు పెరిగాయి. ఆ ఏడాది అధికారిక కోవిడ్ మరణాలు 3.3 లక్షల చిల్లర మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెరిగిన 21 లక్షలూ కోవిడ్ మరణాలే అనడానికి లేదు. జనాభా పెరిగితే మరణాలు పెరుగుతాయి. ముందు రిజిస్టర్ చేయించుకోని కుటుంబాలు ఇప్పుడు చేయించుకుంటున్నా సంఖ్య పెరుగుతుంది. కానీ ఒక్క ఏడాదిలో పావు వంతు పెరుగుదలకు ఈ కారణాలు మాత్రమే సరిపోవు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే సీన్

2021 మేలో ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ అయిన మొత్తం మరణాలను జర్నలిస్టులు అప్పట్లోనే బయటికి తీశారు. ఆ ఒక్క నెలలో అన్ని కారణాలతో కలిపి దాదాపు 1.3 లక్షల మరణాలు నమోదయ్యాయి. మామూలు సంవత్సరాల్లో మే నెలలో అవి 27 వేల దగ్గర ఉండేవి. ఆ నెలలో అధికారికంగా ప్రకటించిన కోవిడ్ మరణాలు 3 వేల లోపే.

తర్వాత సుప్రీంకోర్టు జోక్యంతో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం వచ్చింది. టెస్టు చేసిన 30 రోజుల్లోపు చనిపోతే, ఆసుపత్రి బయట చనిపోయినా సరే, కోవిడ్ మరణంగానే పరిగణించాలని గైడ్‌లైన్స్ ఇచ్చారు. అప్పుడు అసలు విషయం బయటపడింది. 2022 జనవరి నాటికి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కల్లో తెలంగాణలో అధికారిక మరణాలు 4 వేల లోపు ఉంటే, పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఏపీలో 14,500 లోపు మరణాలకు 36 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గుజరాత్‌లో 10 వేల పైచిలుకు మరణాలకు దరఖాస్తులు 89 వేలు దాటాయి.

దరఖాస్తు పెట్టిన ప్రతి కేసూ కోవిడ్ మరణమే అని కాదు. కానీ అధికారిక లిస్టులో పేరు లేకపోవడమంటే ఏమిటో ఆ కుటుంబాలకు బాగా తెలుసు. లెక్కలో లేని మనిషికి పరిహారం అడగాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేసుకోవాలి.

ఇంతకీ 'ఎఫిషియెన్సీ' ఎలా కొలుస్తారు?

ఇప్పటిదాకా చూసింది ఫలితం లెక్క. సమర్థత అంటే మరో అడుగు ముందుకు వెళ్లాలి. ఎంత ఖర్చు పెట్టి, ఎంతమంది డాక్టర్లతో, ఎన్ని బెడ్లతో ఆ ఫలితం సాధించారన్నది చూడాలి. బండి మైలేజీ లెక్కలాంటిదే ఇది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని మాత్రమే కాదు, లీటర్ పెట్రోల్‌కు ఎంత తిరిగింది అని అడుగుతారు.

దీనికోసం ఆర్థికవేత్తలు ఎక్కువగా వాడే పద్ధతి పేరు డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు దీన్ని తయారుచేశారు. బ్యాంకులు, స్కూళ్లు, ఆసుపత్రుల పనితీరు పోల్చడానికి దశాబ్దాలుగా వాడుతున్నారు. కోవిడ్ వచ్చాక చాలామంది పరిశోధకులు దేశాలను పోల్చడానికి కూడా వాడారు.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణ. ఒక ఆసుపత్రిలో 10 మంది డాక్టర్లు 200 మందికి నయం చేశారనుకుందాం. ఇంకో ఆసుపత్రిలో 20 మంది డాక్టర్లు 300 మందికి నయం చేశారు. మొత్తం చూస్తే రెండోది గొప్ప. కానీ డాక్టర్‌కు ఎంతమంది అని చూస్తే మొదటిదానిలో 20, రెండోదానిలో 15. కాబట్టి మొదటిదానికి ఫుల్ మార్కు 1, రెండోదానికి 0.75. దేశాలకైతే డాక్టర్లు, నర్సులు, బెడ్లు, ఆరోగ్య ఖర్చు ఇవన్నీ ఒకేసారి కలిపి కంప్యూటర్‌తో లెక్క కడతారు. అందరికన్నా బాగా చేసిన దేశాలే గీటురాయి. మిగతావాళ్లకు వాళ్లతో పోల్చి మార్కులు పడతాయి.

ఈ లెక్కలో కొన్ని నిజాలు బాగా బయటపడతాయి. అమెరికా 2019లో ఒక్కో మనిషి ఆరోగ్యం మీద ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. వియత్నాం ఖర్చు 200 డాలర్ల లోపు. అయినా 2021 ఏప్రిల్ చివరి దాకా దాదాపు 10 కోట్ల జనాభా ఉన్న వియత్నాంలో అధికారిక కోవిడ్ మరణాలు 35 మాత్రమే. డబ్బు ఒక్కటే మనుషుల్ని కాపాడదని దీంతో తేలిపోయింది.

మైలేజీ లెక్కలో మూడు లొసుగులు

మొదటిది, రోడ్డు. ఘాట్ రోడ్డు ఎక్కిన బండిని హైవే మీద పరుగెత్తిన బండితో పోల్చకూడదు. కోవిడ్‌లో ఆ ఘాట్ రోడ్డే వయసు. ఈ వైరస్ యువకులకన్నా వృద్ధులను ఎన్నో రెట్లు ఎక్కువగా చంపింది. జపాన్‌లో సగం జనాభా 48 ఏళ్లు దాటినవాళ్లే. భారత్‌లో ఆ నడిమి వయసు 28 ఏళ్లు. ఉగాండాలో 17 ఏళ్ల లోపే. వయసు తేడాను సరిచేయకుండా మరణాలు పోలిస్తే యువ దేశాలు ఏమీ చేయకపోయినా గెలిచినట్టు కనిపిస్తాయి.

రెండోది, ఖాళీ బెడ్. మామూలు రోజుల్లో ఖాళీగా ఉన్న ఐసీయూ బెడ్ దండగలా కనిపిస్తుంది. ఫైరింజన్ కూడా మంటల్లేని రోజు దండగే కదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో 191 దేశాల ఆరోగ్య వ్యవస్థలకు ర్యాంకులిస్తే ఫ్రాన్స్ ఫస్ట్, ఇటలీ సెకండ్ వచ్చాయి. అదే ఇటలీ ఉత్తర ప్రాంతంలో 2020 మార్చిలో ఐసీయూలు నిండిపోయాయి. ఓఈసీడీ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఇటలీలో లక్ష మందికి 8.6 ఐసీయూ బెడ్లు ఉంటే, జర్మనీలో 33.9 ఉన్నాయి. ఇటలీ రోగులను కొందరిని జర్మనీకి విమానాల్లో తరలించి వైద్యం చేయాల్సి వచ్చింది. రోజువారీ మైలేజీ కోసం అన్నీ కత్తిరించుకుంటే ఆపద రోజున చేతిలో ఏమీ మిగలదు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. అదే మీటర్. మీటర్ సరిగ్గా తిరగని బండికి ఎంత మైలేజీ అయినా చెప్పుకోవచ్చు. ఒక దేశంలో డాక్టర్లు తక్కువ, బెడ్లు తక్కువ, ఖర్చు తక్కువ. పైగా మరణాలు సరిగ్గా నమోదు కావు. ఈ అంకెలు ఫార్ములాలో వేస్తే ఏమొస్తుంది? తక్కువ ఖర్చుతో అద్భుతం చేసిన దేశమని వస్తుంది! నిజానికి అక్కడ వైద్యం అందక చనిపోయినవాళ్లు లెక్కలోకే రాలేదు. ఫార్ములాలో తప్పేమీ లేదు. లోపల వేసిన అంకెలే తప్పు.

కఠినంగా ఉంటే బాగా చేసినట్టేనా?

ఇంకో కొలత కూడా బాగా పాపులర్ అయింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రతి దేశంలో ఆంక్షలు ఎంత కఠినంగా ఉన్నాయో రోజూ 0 నుంచి 100 వరకు మార్కులు వేసింది. స్కూళ్లు, ఆఫీసులు మూశారా, ప్రయాణాలు ఆపారా, జనం ఇళ్లలోనే ఉండాలన్నారా.. ఇలా తొమ్మిది అంశాలు చూసింది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు భారత్‌కు 100కు 100 వచ్చాయి.

అదే సమయంలో రోడ్ల మీద పరిస్థితి ఏమిటో అందరూ చూశారు. నాలుగు గంటల ముందు చెప్పి అన్నీ ఆపేయడంతో లక్షల మంది వలస కూలీలు పిల్లాపాపలతో సొంతూళ్లకు నడక మొదలుపెట్టారు. వాళ్ల కోసం తొలి శ్రామిక్ రైలు కదిలింది మే 1న. హైదరాబాద్ లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో వెళ్లిందా రైలు. లాక్‌డౌన్ మొదలయ్యాక అప్పటికి ఐదు వారాలు దాటిపోయింది.

ఆక్స్‌ఫర్డ్ మార్కు చెప్పేది ఆంక్షల తీవ్రత మాత్రమే. అవి సరిగ్గా అమలయ్యాయా, జనానికి ఎంత నష్టం జరిగింది అన్నది అందులో ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి జూన్ త్రైమాసికంలో భారత జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. ఉగాండాలో స్కూళ్లు దాదాపు రెండేళ్లు మూతపడి 2022 జనవరిలో గానీ తెరుచుకోలేదు. మరణాలు మాత్రమే కొలిస్తే ఈ నష్టాలు కనిపించవు. ఇవి మాత్రమే కొలిస్తే పోయిన ప్రాణాలు కనిపించవు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఎప్పుడు కొలిచారన్నదీ ముఖ్యమే

వియత్నాం కథ 2021 ఏప్రిల్‌తో ఆగలేదు. డెల్టా వేవ్ వచ్చేసరికి హోచిమిన్ సిటీ అల్లాడిపోయింది. ఏడాది చివరికి దేశంలో మరణాలు 35 నుంచి 32 వేలకు చేరాయి. అప్పటికి అక్కడ వ్యాక్సినేషన్ ఆలస్యంగా మొదలై ఉంది.

స్వీడన్‌ది ఉల్టా కథ. చిన్నపిల్లల స్కూళ్లు మూయకుండా, పెద్దగా లాక్‌డౌన్ పెట్టకుండా నడిచిన ఆ దేశంలో 2020లో పక్కనే ఉన్న నార్వే, ఫిన్లాండ్‌లకన్నా చాలా ఎక్కువ మంది చనిపోయారు. వృద్ధాశ్రమాల్లో తీవ్ర నష్టం జరిగింది. కానీ 2020 నుంచి 2022 దాకా మూడేళ్లు కలిపి చూసిన చాలా లెక్కల్లో స్వీడన్ అదనపు మరణాలు యూరప్‌లో తక్కువ ఉన్న దేశాల సరసన ఉన్నాయి. 2020 జూన్‌లో తీర్పు చెప్పినవారు, 2022 డిసెంబర్‌లో తీర్పు చెప్పినవారు ఒకే దేశం గురించి వేర్వేరు మాటలు చెప్పారు.

మరి నిజంగా పనికొచ్చింది ఏంటి?

ఇన్ని లొసుగులున్నా కొన్ని విషయాలు చాలా లెక్కల్లో మళ్లీమళ్లీ కనిపించాయి.

ఒకటి, వేగం. దక్షిణ కొరియాకు 2015లో మెర్స్ వ్యాధితో చేదు అనుభవం ఉంది. అప్పుడు 186 మందికి సోకి 38 మంది చనిపోయారు. టెస్టు కిట్లు ఆలస్యమయ్యాయని గుర్తించి చట్టం మార్చుకున్నారు. 2020 జనవరి 27న, దేశంలో నాలుగే కేసులు ఉన్నప్పుడు, అధికారులు కిట్ల కంపెనీలను సియోల్ రైల్వే స్టేషన్‌లోని హాల్‌కు పిలిచి వెంటనే టెస్టు కావాలన్నారు. ఫిబ్రవరి 4కల్లా మొదటి కిట్‌కు అనుమతి వచ్చేసింది. కొరియా, అమెరికాల్లో మొదటి కేసులు దాదాపు ఒకే సమయంలో బయటపడ్డాయి. తేడా అంతా ఆ తర్వాతి వారాల్లోనే వచ్చింది.

రెండు, నమ్మకం. 177 దేశాల డేటాతో చేసిన ఒక అధ్యయనం 2022లో లాన్సెట్‌లో వచ్చింది. ముందస్తు సన్నద్ధత మార్కులకు, ఆ తర్వాత వచ్చిన ఇన్‌ఫెక్షన్ల సంఖ్యకు సంబంధం కనిపించలేదు. ప్రభుత్వం మీద, తోటి మనుషుల మీద నమ్మకం ఎక్కువగా ఉన్న దేశాల్లో మాత్రం ఇన్‌ఫెక్షన్లు తక్కువగా ఉన్నాయి. 2019 లిస్టు ఎక్కడ దెబ్బతిన్నదో ఇక్కడ అర్థమవుతుంది. ల్యాబులు, చట్టాలు, ప్లాన్లు ఉన్నాయా అని లెక్కపెట్టింది. చెప్పిన మాట జనం వింటారా, నాయకులు వాటిని వాడతారా అన్నది కొలవలేకపోయింది.

అందుకే ఇప్పుడు నిపుణులు ర్యాంకులకన్నా గడియారం చూడమంటున్నారు. '7-1-7' అనే లక్ష్యం అలాంటిదే. వ్యాధి మొదలైన 7 రోజుల్లో గుర్తించాలి, 1 రోజులో పై అధికారులకు చెప్పాలి, ఆ తర్వాత 7 రోజుల్లో తొలి చర్యలన్నీ పూర్తిచేయాలి. ఎక్కడ ఆలస్యమైందో దీంతో స్పష్టంగా దొరికిపోతుంది. ర్యాంకు చూస్తే పక్క దేశంతో పోటీ గుర్తొస్తుంది, ఇది చూస్తే సొంత తప్పు కనిపిస్తుంది.

పేద దేశం కూడా బాగా చేయగలదని 2024లో రువాండా చూపించింది. సెప్టెంబర్ 27న అక్కడ మార్బర్గ్ వైరస్ బయటపడింది. గతంలో కొన్నిచోట్ల సోకినవారిలో 88 శాతం మందిని చంపిన వైరస్ ఇది. రువాండాలో 66 మందికి సోకితే 15 మంది చనిపోయారు. అంటే 23 శాతం. డిసెంబర్ 20న వ్యాప్తి ముగిసిందని ప్రకటించారు.

ర్యాంకుల వార్త కనిపిస్తే ఇవి చూడండి

- ఏం కొలిచారు? కేసులా, అధికారిక మరణాలా, అదనపు మరణాలా?
- ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు?
- జనాభా వయసు తేడాను సరిచేశారా?
- ఖర్చు, స్కూళ్లు, ఉపాధి నష్టం కలిపారా?
- ఆ దేశంలో వందకు ఎన్ని మరణాలు రిజిస్టర్ అవుతాయి?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా కీలకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం భారత్‌లో దాదాపు 71 శాతం మరణాలే రిజిస్టర్ అయ్యాయి. రిజిస్టర్ అయినవాటిలోనూ 2020లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాళ్లు ఎందుకు చనిపోయారో కాగితం మీద లేదు. 2025 మే 20న ప్రపంచ దేశాలు జెనీవాలో మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. అందులో రాసుకున్నవి పనిచేస్తున్నాయో లేదో తెలియాలన్నా ముందు ఈ లెక్క సరిగ్గా ఉండాలి.

ఇంట్లో ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోపు పంచాయతీలో గానీ, మున్సిపాలిటీలో గానీ రిజిస్టర్ చేయించాలని చట్టం చెబుతోంది. ఆ గడువులోపు అయితే ఫీజు కూడా ఉండదు. ఆస్తి, ఇన్సూరెన్స్, పెన్షన్ పనుల కోసం చాలామంది ఆ సర్టిఫికెట్ తీసుకుంటారు. ఆస్తి లేని వృద్ధురాలికో, ఊళ్లోనే కన్నుమూసిన కూలీకో ఎవరూ తీసుకోరు. తర్వాతి మహమ్మారిలో ఏ దేశం బాగా చేసిందో తేల్చే లెక్క మొదలయ్యేది అక్కడే, ఆ రిజిస్టర్‌లోని ఒక్కో పేరుతోనే.